ముప్పై నాలుగో పేజీ

దొండపర్తిలో మా డీటీపీ షాపు
మెట్ల కింద, ఒకటిన్నర కుర్చీ జాగా.
పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, పెద్దకర్మ పత్రికలు.
మార్చి దాటాక మాత్రం
కంపెనీ వాళ్ల సామాజిక బాధ్యత పుస్తకం.
నూట పన్నెండు పేజీలు, ఆర్ట్ పేపరు.
ప్రెస్సు ఖర్చు పోగా మిగిలేది రెండు నెలల అద్దె.

మృణాళిని గారు పెన్‌డ్రైవ్‌తో పాటు
బూందీ లడ్డూలు తెచ్చారు.
పుస్తకమంతా ఆకుపచ్చగా ఉండాలన్నారు.
"ఏ ఆకుపచ్చండీ?"
"చూస్తే నమ్మకం కలగాలి. అలాంటిది."

నాకు తెలిసినవి చెప్పాను:
పచ్చి చింతకాయది,
మేఘాద్రిగెడ్డ ఒడ్డున నాచుది,
వాన వెలిశాక యారాడ కొండ
ఒక్క పూట కట్టుకుని విప్పేసేది.
ఆవిడ ఫోన్లో చూపించినది ఇవేవీ కాదు,
దగ్గుమందు సీసా మూత రంగు.

సుస్థిరత అని నలభై సార్లు కొట్టాను.
మా పాత ఫాంటులో
స కింద థ ఒత్తు ఊడిపోయి
పక్క అక్షరం మీద పడుతోంది.
నిలబడడం గురించిన మాటే
నిలబడనంటోంది.
ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి అతికించాను.

పదహారో పేజీ, వైద్య శిబిరం.
ఊపిరి పరీక్ష ఉచితం.
మా అమ్మ ఫిలోమినమ్మ కూడా
వరుసలో నిలబడి గొట్టంలోకి ఊదింది.
ఊదినవాళ్లెందరో పుస్తకంలో ఉంది:
వెయ్యీ ఎనిమిది వందల నలభై ఆరు.
ఆ గొట్టం ఎంత చూపించిందో
వెతికాను, చివరి అట్ట దాకా.

ముప్పై నాలుగో పేజీ, జ్ఞానాపురంలో మొక్కలు నాటడం.
కొత్త తొడుగుల్లో కొత్త పార,
పిల్లల నెత్తిన కొలత కుదరని టోపీలు,
వరుసగా కానుగ మొక్కలు.
"ఆకుల మీద నలుపు పడింది,
కొంచెం చూడండి" అన్నారావిడ.

చూశాను. నాలుగింతలు పెద్దది చేసి చూశాను.
ఆకు మీద చుక్కలు,
ఈనె వెంట పేరుకున్న మసి,
వెనక గోడ, గోడ పైన మేడ,
మేడ మీద తీగకి నా బనియను.
తిరగేసి ఆరేసి ఉంది.
మా వీధిలో అందరూ అలాగే ఆరేస్తారు,
హార్బరు గాలి మోసుకొచ్చే బొగ్గు
లోపలివైపే అంటుకుంటే
బయట మనుషుల్లా కనిపిస్తాం.

ఒక్కో ఆకూ తుడిచాను, మౌసుతో.
తడి గుడ్డ లేదు, నీళ్లు లేవు,
శుభ్రంగా ఉన్న చోటు నుంచి కాస్త తీసి
మురికి మీద అద్దడమే.
రెండు వందల ఆకులు, రాత్రి పదకొండు.

అబద్ధమెందుకు,
మా పాప బళ్లో కూర్చునే బెంచీ వాళ్లిచ్చిందే.
గట్టి బెంచీ. ఊగదు.
వెనక కంపెనీ పేరు,
పేరు కింద మా పాప కంపాసుతో గీసిన పడవ.

ఇంటికెళ్లి అమ్మకి చెప్తే
కాళ్లు కడుక్కుంటూ నవ్వింది.
మేడ మీంచి దిగొచ్చిందేమో, పళ్లెంలో నీళ్లు నల్లగా ఉన్నాయి.
"ఆ గుట్ట మీద మూతెట్టీమనరా బాబూ.
అన్నం గిన్నె మీద మూతెట్టినానని
నానేటి పుస్తకం అచ్చేయించుకుంటన్నానా?"

మర్నాడు ప్రూఫు తీశాను.
ఒక్క ఆకు వదిలేశాను,
ఎడమ మూల, కింద,
టోపీ జారిన పిల్లాడి మోచేతి పక్కన.
ధైర్యమని అనను. నిద్ర వచ్చిందని కూడా అనలేను.

మృణాళిని గారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.
"ప్రింటింగ్ మరకా?"
"కాదండి. ఫొటోలోనే ఉంది."
ఆవిడ వేలితో ఆ ఆకుని రుద్దారు.
వేలు తిప్పి చూసుకున్నారు.
ఏమీ అంటలేదు.
మళ్లీ రుద్దారు.
చాలాసేపటికి
పెన్నుకి మూత పెట్టారు.

ఉంచమనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు.
రెండో లడ్డూ కాగితంలోనే ఉంది.
గాలి హార్బరు వైపు నుంచి మళ్లింది.
లేచి
షట్టరు సగం దించాను.