ఎర్ర అట్ట పుస్తకం

పిల్లర్ నంబర్ నూటెనభై రెండు ఎదురుంగ
బిర్యానీ పాయింటుకూ మొబైల్ షాపుకూ నడుమ
ఇరికి కూసున్న డబ్బా నాది.
కుట్టుమిషన్లు బాగుచేస్త.
ఈ సందు ఒకప్పుడు ఊరంటే
పార్శిలు తెచ్చే పోరడు నమ్మడు.
ఊరే. పేరు పీర్లకుంట.
కుంట ఇప్పుడు పార్కింగు.

ఊరికొక దొంగతనం ఉండె.
అందరికీ కలిపి అదొక్కటే ఆస్తి.

డెబ్బై రెండు కరువు. పీర్లు లేసిన మూడో రాత్రి.
పట్వారి నర్సింగరావు ఇంట్ల
సందూగ తాళం తాళం లెక్కనే ఉంది,
లోపలి వెండిచెంబు చెంబు లెక్కనే ఉంది,
ఎర్ర అట్ట అప్పుల పుస్తకం లేదు.
మిత్తి మీద మిత్తి, వేలిముద్ర పక్కన వేలిముద్ర,
మూడు తరాల బాకీ
తెల్లారేసరికి మాయం.

పట్నం నుంచి పోలీసు కుక్క వచ్చింది.
సందూగ వాసన చూసి, బాయి చుట్టు తిరిగి,
మా తాత గడప ముందర కూసుని
లేవనంటే లేవనన్నది.
తాత సుంకరి బాలయ్య. ఆ రాత్రి కావలి ఆయనదే.
"పొద్దుగాల రొట్టెముక్క ఏసిన,
ఇశ్వాసం గల్ల జీవి" అన్నడు.
ఊరు నవ్వింది. జమేదారు నవ్వలే.
కావలి కొలువు పోయింది.

అప్పటిసంది మా ఇల్లొక కోర్టు.
పెండ్లిళ్లల్ల, దినాలల్ల, కల్లు కాంపౌండుల
"మా అయ్య దొంగ కాదు" అని వాదించీ వాదించీ
నాయిన గొంతు బొంగురు పోయింది.
తాత మాత్రం
ఆ మాట వచ్చినప్పుడల్లా దగ్గేటోడు.
బీడీ దగ్గనుకున్నం.

మొన్న శుక్రవారం
ఖాజాబీ నానమ్మ మిషను ఆటోల దిగింది.
"సూది విరుగుతోంది అంకుల్" అని మనుమరాలు
కాలేజీకి ఉరికింది.
బాబిన్ కింద పీచు తీసిన, బెల్టు మార్చిన.
చెక్క సొరుగు పట్టేసింది.
స్క్రూడ్రైవరు పెట్టి లేపితే
రవికెల కొలత కాగితాలు, దారంతో కట్టి:
చేతి ముక్క, మెడ ముక్క, చంక ముక్క.
చంక ముక్క మీద, "కుమ్మరి ఎల్లవ్వ, జొన్నలు ఇద్దుము."
మెడ ముక్క మీద సగం వేలిముద్ర,
మిగతా సగం కత్తెరకు పోయింది.
వీపు ముక్క నిండా పదేండ్ల మిత్తి,
దాని మీదనే ఉర్దూ అంకెల్ల ఛాతీ కొలత.

స్టూలు మీద అట్లనే ఉండిపోయిన.
ఊర్లె ఆడోళ్లంతా ఎన్నేండ్లో
తమ బాకీని పరిచి కత్తిరించిన రవికెలు తొడుక్కున్నరు.
ఒక్క నోరు మెదల్లే.

సాయంత్రం మిషను నేనే మోసుకపోయిన.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
కట్టను ఆమె ఒడిల పెట్టిన.
కండ్లద్దాలు తుడుచుకున్నది. చానాసేపు తుడిచింది.

"నువ్వొక్కదానివే చేసినవా నానమ్మా?
యాబై ఏండ్లు మా తాత మీద నింద..."

"అరే, ఆగురా.
తాళంచెవి అచ్చు మైనం మీద తీసిందెవరనుకున్నవ్?
లాంతరు పట్టిందెవరనుకున్నవ్?
బాలయ్య చేతులు గజగజ,
కిరసనాయిలంతా నా కొంగు మీదనే ఒలకవోసె."
జరసేపాగి, కట్ట మీద చెయ్యేసి,
"కుక్క సరిగ్గనే పట్టింది.
పాపం, దాని మాట ఎవరిన్నరు!"

రిపేరుకెంత అన్నది. రెండొందల యాబై అన్న.
"పింఛను పడలే. ఖాతల రాస్కో" అని
తన మాటకు తనే
బోసినోటితో ఎగిరెగిరి నవ్వింది.

ఇంటికొచ్చేసరికి
నాయిన కిరాయిదారు పిల్లగానికి చెప్తున్నడు,
ఎనభై ఏండ్ల బొంగురు గొంతుతో,
"మా అయ్య దొంగ కాదు బిడ్డా,
కుక్కదే తప్పు."
నన్ను చూసి, "ఏమంటవ్ రా?" అన్నడు.

నాకు దగ్గొచ్చింది.
నేను బీడీ తాగ.