నాలుగు మూలలు

సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రి,
దాని కింద నేలమాళిగలో మా లాండ్రీ.
నా పని లెక్క రాయడం.
పేరు, టేబుల్ నంబరు, మడతలు ఎన్ని,
మూడు గడుల రిజిస్టరు.

ఏడుగురు మనుషులు, ఏడు టేబుళ్లు.
యాకుత్‌పురా నుంచి జహేదా ఆపా,
గజ్వేల్ బస్సు దిగే పోచవ్వ,
పాలకొల్లు యాస వదలని సామ్రాజ్యం గారు,
గంజాం కుర్రాడు దుర్యోధన్ -
ఆ పేరు విని పోచవ్వ మూడు రోజులు నవ్వింది.
ఎవరి టేబులు వాళ్లది, ఎవరి డబ్బా వాళ్లది.
గొడవల్లేవు.
మాటలే లేని చోట గొడవలెక్కడివి?
ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి
"భలే కలగలుపు టీము" అని ఫోటో తీసుకుపోయాడు.
ఫోటోలో అందరం దగ్గరగానే ఉన్నాం.

బోనాల వారంలో మడత మిషను ఆగిపోయింది.
ఆపరేషన్ థియేటర్ దుప్పట్లు
ఒక్క మనిషి చేతులకి లొంగవు.
అంచు నేలకి తగిలిందా, మళ్లీ ఉడకబెట్టాలి.
"ఇద్దరిద్దరు పట్టుకోండి" అన్నాడు సూపర్‌వైజరు.
ఎవరికి ఎవరో చెప్పలేదు.

మొదటి రాత్రి లెక్క సగానికి పడింది.
ఆపా కుడి నుంచి మడుస్తుంది, పోచవ్వ ఎడమ నుంచి.
దుప్పటి నడుమ మెలితిరిగి తాడయింది.
సామ్రాజ్యం గారు ఇటు రమ్మంటే
దుర్యోధన్ అటు పోయాడు.
"ఒక్కదాన్నే చేసుకుంటే ఈ పాట్లుండవు"
అందామె నాతో.
నేనూ అదే అనుకున్నాను, అబద్ధమెందుకు.

భాష కుదరలేదు. బిగువు కుదిరింది.
అవతలి చేయి ఎంత లాగుతోందో
ఇవతలి వేళ్లకి తెలుస్తుంది కదా -
ఆపా మోకాలి నొప్పి
పోచవ్వకి బట్టలోంచే తెలిసింది.
ఏమీ అడగలేదు,
మూల కలిపేటప్పుడు తానే నాలుగడుగులు ఎక్కువ నడిచింది.
ఇప్పుడు పోచవ్వ "హల్లూ, హల్లూ" అంటుంది,
ఆపా "ఆగరాదే" అంటుంది.
మూల అందగానే దుర్యోధన్ "హో" అంటాడు,
అది ఒడియానో బట్ట భాషో ఎవరూ తేల్చలేదు.

ఏడుగురిలో ఒకరు మిగులుతారు.
జంట దొరకని ఎస్తేరుకి ఎదురుగా
పెన్ను చెవి మీద పెట్టి నేనే నిలబడ్డాను.
ఇన్నేళ్లు లెక్క రాసిన దుప్పటి
ఇంత బరువని అప్పుడు తెలిసింది.

మూడో వారానికి లెక్క పాతదాన్ని దాటింది.
గొడవలు కూడా వచ్చాయి.
ఫ్యాను ఎటు తిప్పాలని, ఎవరి చేయి తడిగా ఉందని.
సామ్రాజ్యం గారు ఇంకా విడిగానే తింటుంది,
ఆవకాయ మాత్రం కుర్రాడి మూతలో వేస్తుంది.

ఆఫీసు అడిగింది: మనిషికి ఎన్ని?
రెండు వందల పన్నెండుని సగం చేయొచ్చు.
రెండు మూలలు నీవి, రెండు నావి అనొచ్చు.
మధ్యలో పడిన మడత గీత ఎవరి ఖాతాలో రాయను?
అక్షరాలు చిన్నవి చేసి
ఒకే గడిలో రెండు పేర్లు ఇరికించాను.

మెకానిక్ వచ్చి మిషను విప్పి చూశాడు.
పార్టు పుణె నుంచి రావాలట, మంగళవారానికి.
ఏ మంగళవారమని
ఎవరూ అడగలేదు.