అయిదో ముక్క

ఆమె చేతిలో ఏముందో
తర్వాత తిప్పి చూపించింది కాబట్టి చెప్పగలుగుతున్నాను:
ఆటీను జాకీ, ఆటీను పది.
అప్పటికి నాకు తెలిసినవి
బల్ల మీద నేను పరిచిన నాలుగు ముక్కలే.
ఆటీను రాజు, కళావరు ఏడు, ఆటీను నాలుగు,
ఆఖరున ఎవరికీ పనికిరాని ఇస్పేటు రెండు.

ఎల్కోలో ఫిబ్రవరి. రాత్రి రెండున్నర.
హోటలు వెనకగదిలో హీటరు దగ్గుతోంది.
పెయో పంటికింద పుల్ల నములుతూ
రెండు వేళ్లతో బల్ల తట్టాడు.
తట్టాడంటే నేను కాయను, నీ ఇష్టం అని.
ముప్పై ఏళ్లు గొర్రెల్ని కొండలెక్కించి దింపిన మనిషి.
నక్క ఎటునుంచి వస్తోందో తెలిసీ
గుర్రుపెట్టి పడుకోగలడు.

వంతు ఇడోయాది.

బల్ల మధ్యన నూట ఇరవై డాలర్లు.
లెక్క నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.
కనబడని ముక్కలు నలభై ఆరు,
వాటిలో ఆటీనులు తొమ్మిది.
అయిదుసార్లు ఆడితే ఒకసారి పడుతుంది,
ఆ ఒకసారి ఇదేనని ఎవరూ రాసివ్వరు.

ఆమె కూడా తట్టిందనుకో,
ఒక ముక్క బోర్లా పక్కన పెట్టి
దాని కిందిది తిప్పుతాను.
ఊరికే. పైసా ఖర్చు లేదు, కడుపులో చల్ల కదలదు.
కాస్తే?
పెయో పారేస్తే ముక్క పడకుండానే కుప్ప ఆమెది.
వెంట వస్తే, ఆ అయిదో వంతు ఎలాగూ ఉంది.
కానీ అతను పుల్ల నమలడం ఆపి
బిళ్లలన్నీ ముందుకు తోస్తే?
ఊరికే చూడగలిగిన ముక్కని
ఎనభై డాలర్లిచ్చి చూడకుండా పోవడమే.
అంతకు మించిన తెలివితక్కువతనం లేదు ఈ బల్ల దగ్గర.
అంటే, ఉంది. రోజూ చూస్తాను.

ఇడోయా గనిలో లారీ తోలుతుంది.
దాని టైరు ఆమెకు రెండింతలు ఎత్తు.
పన్నెండు గంటలు, గుంతలోంచి పైకి, పైనుంచి గుంతలోకి.
ఆ మట్టిలో బంగారం ఉందట.
పదేళ్లలో ఒక్క రవ్వ కంటపడలేదని
ఒకసారి నవ్వుతూ చెప్పింది.
కాగితాల్లో ఉంది, ఇంజనీరు ఉందన్నాడు, జీతం వస్తోంది.
చూస్తే మాత్రం రాయి రాయే.

రెండు ముక్కల మీద బొటనవేలు పెట్టి కూర్చుంది.
జత లేదు, వరస లేదు.
పేరు అనుకుని, ఉయ్యాల కట్టి,
ఇంకా కడుపున పడని బిడ్డకోసం
తలుపు తీసిపెట్టిన ఇల్లు అది.

నా అరచేతి కింద పేక.
అయిదో ముక్క అక్కడే ఉంది, పైనుంచి రెండోది.
నేను కలిపినప్పుడే, కట్ చేసినప్పుడే
దాని రంగు తేలిపోయింది.
ఆమె ఏం చేసినా అది మారదు.
దాన్ని ఎవరైనా చూస్తారా లేదా
అన్నంతమేరకే ఆమె చేతిలో ఉంది.

ఆమె నా చేతిని చూడలేదు.
పెయో నోట్లో పుల్లనే చూసింది.
ఎడమ చెంపనుంచి కుడి చెంపకి
అది జరిగింది.
"ఎనభై" అంది.

పెయో చాలాసేపు రాజుని చూశాడు.
"ఆటీనులేనా?"
ఆమె పలకలేదు.
చేతిలో ఇంకో రాజు ఉందో, ఆరుల జత ఉందో,
రెండూ బోర్లించి నా వైపు నెట్టాడు.

అప్పుడు తిప్పింది ఇడోయా.
పెయో బాస్కులో ఒక బూతుమాట అని
పుల్ల రెండుగా విరిచి, నవ్వి,
"పడేదా? అయిదోది ఏమిటి?" అన్నాడు.
ఇద్దరూ నా చేతి మీదికి వంగారు.

చూపించకూడదు, రూలు.
పదకొండేళ్లుగా చూపించలేదు.
పేకని పారేసిన ముక్కల్లో కలిపేశాను,
ఎప్పటికన్నా కాస్త తొందరగా.

తెల్లారుజామున కారు అద్దం మీద మంచు గీకుతుంటే
వేలికి ఇంకా ఆ ముక్క అంచు తగులుతూనే ఉంది.
షిఫ్టుకి పోతూ ఇడోయా
నా పక్కన బండి ఆపి అద్దం దించింది.
"ఇప్పుడైనా చెప్పవూ?"
నాకూ తెలియదన్నాను.
నమ్మలేదు.