పదకొండు

రొయ్యల షెడ్డులో పొద్దుటినించీ నిలబడి
ముప్ఫై కిలోలు వొలిచేసరికి
వేళ్లు ఐసుకి మొద్దుబారతాయి.

నర్సమ్మ అడిగింది:
మాంసకృత్తులు ఏమాత్రం తింటున్నావే, సువార్తా?

నవ్వొచ్చింది.
రోజల్లా నా చేతుల్లోనే కదండీ అవి!
తోకలు ముడుచుకుని
పెట్టెల్లో వరసగా పడుకుని
ఓడెక్కి పోతాయి.
నా కంచం దాకా వచ్చేది వాసనొక్కటే.

అయిదో నెల.
ఆవకాయన్నం, మజ్జిగ, మళ్లీ ఆవకాయన్నం.
గుడ్డు వేడంటుంది అత్త.
పప్పు వాతమంటుంది ఎదురింటి బేబమ్మ.
ఇంక తినడానికి మిగిలింది
ఉప్పుటేరు గాలి.

మొన్న మొగల్తూరు సంతలో
ముప్ఫై రూపాయలు పెట్టి ఎండు మెత్తళ్లు కొన్నాను.
తలలు తుంచి, ఇసక పోయేదాకా కడిగి
వంకాయలో పడేస్తే
కాలవ అవతలి గట్టుకి కూడా
కబురెళ్లిపోయింది.

అత్త వచ్చి పీట వాల్చుకుంది.
చాలాసేపు మాట్లాడలేదు.
"మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు
గంజిలో ఉప్పేసుకు తాగానే" అంది.
తన కూరలోంచి ఒక్కొక్కటే ఏరి
నా అన్నం మీద పెట్టింది.

లోపల ఎవరో
తోక విదిలించినట్టయింది.

సోమవారం నర్సమ్మ అడిగితే చెప్పాలి:
పదకొండండీ.
లెక్కపెట్టుకునే తిన్నాను, ఆయ్.