ఆటో స్టార్టరు

హన్మకొండ చౌరస్తా షాపుల పిలగాడు
"పది గంటలు నడుస్తది మేడం" అన్నడు.
డబ్బా మీద సుత పదే రాసున్నది.
పదకొండు నెలల కిస్తీకి సంతకం పెట్టి
మట్టి నమూనాల సంచి పక్కన
దాన్ని ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన.

మొదటి రోజు, నడికూడల,
ఎల్లబోయిన కొమురమ్మ పత్తి చేను గట్టు మీద
నత్రజని రాసిన, భాస్వరం రాసిన,
పొటాష్ అని రాయబోతుంటె
తెర నల్లగైంది.
రెండు గంటల నలభై నిమిషాలు.
కొమురమ్మ అండ్ల అద్దంలెక్క మొఖం చూసుకొని
"గింతేనా నా భూమి?" అన్నది.

తిట్టుకున్న. షాపోన్ని, కంపెనీని,
నలభై ఎనిమిది వేలను.
రాత్రి ఇంట్ల వైరు గుచ్చి బ్యాటరీ రిపోర్టు తీసిన.
కొత్తల పట్టేది ఎంతో
ఇప్పుడు పట్టేదీ ఇంచుమించు అంతే.
కుండకు చిల్లి లేదు.
మరి నీళ్లెటు పోతున్నయి?

పక్క పోర్షన్ల సారంగపాణి సారు,
పరకాల సబ్‌స్టేషన్ల ముప్పై ఒక్కేండ్లు లైన్‌మెన్,
ఎడమ చేతి రెండు వేళ్లు కరెంటుకిచ్చినోడు.
ఇంగ్లీషు చదవడు గని
మీటరు తిరుగుడు చూసి ఇంటి గుట్టు చెప్తడు.
"ఎవలెవలు తాగుతున్నరో పేర్లు సదువు" అన్నడు.

చదివిన.
నేనెన్నడూ ఆడని పేకాట ఒకటి.
నేను పిలువని, నన్నెవరూ పిలువని వీడియో కాలు ఒకటి.
తీసిన ఫోటోనల్లా పొద్దుమాపు
ఎక్కడికో మోసేది ఇంకొకటి.
పట్టపగలు కీబోర్డు కింద వెలిగే లైట్లు.
వాతావరణం చెప్పేది సుత,
చేన్ల నిలబడ్డదానికి వాతావరణం!

సారు నవ్విండు.
"బాయి మోటర్లకు ఆటో స్టార్టర్లుండేటియి, యాదున్నదా?
కరెంటు ఎప్పుడొస్తదో తెల్వక పెట్టుకున్నరు.
రాత్రి రెండింటికొస్తె దానంతటదే గుర్రుమనేది.
తర్వాత ఇరవై నాలుగు గంటలిచ్చిన్రు.
స్టార్టరు మాత్రం ఎవ్వలు తియ్యలే.
నిండిన మడి మీదికెల్లి నీళ్లు బాటల పారినయి,
బాయిల బురద తేలింది.
తియ్యుండ్రని ఇంటింటికి తిరిగి తిట్లు తిన్న.
గివి సుత గవే. తియ్యి."

ఒక్కొక్కటే తీసిన.
అది లేవంగనే దానితోని లేచేటియి
పదిహేడింట మూడు మిగిలినయి.
తెర వెలుగు తగ్గించిన.
గదిల సరే, పత్తి చేన్ల ఎండకు ఎట్ల తగ్గించాలె?
ఆ తగాదా ఇంకా తెగలే.
నాలుగు గంటలైంది. సాలలే.

మరునాడు ఆత్మకూరు బస్సుల
కాళ్లకాడి సంచిల చెయ్యి పెడితె
మూత మూసిన ల్యాప్‌టాపు
జరమొచ్చిన పిల్ల నుదురు లెక్క కాలుతున్నది.
పొద్దుమీకి చెప్పిన.
సారు దాని వీపు మీద చెయ్యి పెట్టిండు,
ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టినట్టె, మూడు వేళ్లు.
"మూత మూస్తె పంటదనుకున్నవ్.
కండ్లు మూసుకున్నది, గంతే."

ఆ మాటకు నేనేమనలే.
పన్నెండు దాటినంక గోడవతల
దగ్గు ఆపుకునే సప్పుడు నాకెరుక.
నేను లేచి కిటికీ తీసే సప్పుడు ఆయనకెరుక.

ఇప్పుడు సంచిల పెట్టేముందు పూర్తిగ బందు చేస్త.
తెరిస్తె నలభై సెకన్లు ఎక్కువ పడుతది, పట్టనీ.
ఆరు గంటల పది నిమిషాలొస్తున్నది.
పది రాదు.
పది అని రాసినోడు
సల్లటి గదిల, మసక తెర మీద,
ఏ పనీ చెప్పక లెక్క కట్టి ఉంటడు.
ఎండల నిలబడి ఏ కొమురమ్మకూ
జవాబు చెప్పి ఉండడు.

నిన్న మల్ల నడికూడ పోయిన.
పదకొండు శాతం, ఎర్ర గీత.
పొటాష్ తక్కువున్నదని చదివిన.
కొమురమ్మ తెర దిక్కు చూడలే.
నా దిక్కు చూసి
"నీళ్లు తాగినవా బిడ్డా, పొద్దటి సంది?" అన్నది.