ఐదో నిమిషం

గున్సాన్ రేవులో రాత్రి పన్నెండు దాటాక
చేపల లారీలు కడిగిన నీళ్ళు మా మెట్లదాకా వస్తాయి.
కింద నేలమాళిగలో నలభై రెండు కంప్యూటర్లు,
నూడుల్స్ గిన్నెల్లోంచి లేచే కారపు ఆవిరి,
గల్లాపెట్టె దగ్గర నేను,
నా కుడి మణికట్టుకి నల్ల పట్టీ.

పదిహేడో నంబరు కుర్చీ గీబొమ్‌ది.
పందొమ్మిదేళ్ళు. పగలు పీతల బుట్టలు మోస్తాడు.
రాత్రి ఇక్కడ కోటలు కూలుస్తాడు,
నాలుగు నిమిషాల్లో.
ఎప్పుడూ నాలుగు నిమిషాల్లోనే.

కిటుకు చిన్నదే.
గనులు తవ్వించడు, ఇల్లు చక్కబెట్టుకోడు.
ఉన్న కూలీల్లో ఒకణ్ణి దొడ్డిదారిన పంపి
ఎదుటివాడి పెరటిగోడ వెనక
చడీచప్పుడు లేకుండా ఓ శిబిరం లేపుతాడు.
అవతలివాడు పొయ్యి రాజేసేలోపు
ఇంటికే నిప్పు.

నెల తిరిగేసరికి ర్యాంకుల నిచ్చెన మీద
మూడొందల మెట్లు ఎక్కాడు.
మూడొందల ఒకటో మెట్టు మీద
గోడ వెనక వెతికేవాళ్ళు ఉన్నారు.
శిబిరం సగంలో ఉండగానే పడగొట్టి
ఏమీ జరగనట్టు తమ పనికి పోతారు.

అప్పుడొస్తుంది ఐదో నిమిషం.
అది వాడికి తెలియని ఊరు.
ఖజానాలో డబ్బు మూలుగుతుంటుంది,
కూలీలు చేతులు కట్టుకుని నిలబడతారు,
కీబోర్డు మీద వాడి వేళ్ళు
చిరునామా పారేసుకున్న చుట్టాల్లా
ఆ గుమ్మం ఈ గుమ్మం తడుతుంటాయి.

తెర అంచున పసుపు కాగితం అంటించాను:
కూలీ పుట్టాడా?
డబ్బు మిగిలిందా?
మ్యాపు చూశావా?
శత్రువే లేని మైదానంలో, రోజుకి ముప్పై ఆటలు,
పన్నెండు సెకన్లకో కూలీ.
"ఇది యుద్ధమా, అంట్లు తోమడమా అక్కా?"
"అంట్లే," అన్నాను.

వాడికి చెప్పని సంగతి ఒకటుంది.
అంట్లు నా అంత బాగా తోమినవాళ్ళు లేరు.
ఇరవై రెండేళ్ళప్పుడు, జొంజులో,
షాపింగ్ మాల్ మూడో అంతస్తులో ఫైనల్.
ఎదురుగా పళ్ళకి తీగలు కట్టించుకున్న బడిపిల్లాడు.
అలవాటులో పొరపాటు అంటారే, నాది అది కాదు,
అలవాటే పొరపాటు.
కూలీల్ని లెక్కపెట్టుకుంటూ తల ఎత్తలేదు.
మూడు నిమిషాల నలభై సెకన్లు.
ఎంత పద్ధతిగా ఓడిపోయానంటే
ఆఖరి కూలీ కూడా
సరిగ్గా వేళకే పుట్టాడు,
మండుతున్న ఇంట్లో.

అందుకే ఆదివారం వస్తే ఆ కాగితం నేనే పీకేస్తాను.
"పో, ఇవాళ ఎన్ని గోడలు దూకుతావో దూకు."
సోమవారం కొత్త కాగితం.
ఇందులో ఏది ఎన్ని పాళ్ళో నాకూ తెలీదు.
కిమ్చికి ఉప్పెంత అని అడిగితే మా పిన్ని
అరచెయ్యి చాపి చూపించేది,
ఆ చెయ్యి ఆవిడది.

నిన్న రాత్రి వాన. ఇద్దరమే ఉన్నాం.
మూలనున్న నలభయ్యో కుర్చీలో కూర్చుని
మారుపేరుతో వాడి ఆటలో దూరాను.
పన్నెండేళ్ళ తర్వాత ఆట,
జన్మలో మొదటి దొంగతనం.
వాడి పెరటిగోడ వెనక నా శిబిరం
మొలలోతు లేచింది.
గుండె దడదడా కొట్టుకుంటోంది, సిగ్గులేకుండా.

రెండు నిమిషాల ఇరవై సెకన్లకి
వాడి కూలీ ఒకడు, నెత్తిన మూట లేకుండా,
గోడ మలుపు తిరిగి వచ్చాడు.
ఆగాడు.
చూశాడు.
అవతల వరసలోంచి వాడి ఎడమచెయ్యి చప్పుడు,
టక్,
కాసేపాగి మళ్ళీ టక్,
ఎక్కడా తడబడలేదు.

పద్నాలుగో నిమిషంలో చచ్చాను.
పట్టీ సర్దుకుని గల్లా దగ్గరికి వచ్చేసరికి
వాడు ఒళ్ళు విరుచుకుంటున్నాడు.
"ఎవడో దొంగవెధవ అక్కా. చేతకాని దొంగ."
"అలాగా," అన్నాను.
నూడుల్స్‌కి డబ్బులు పూర్తిగా తీసుకున్నాను.
గుడ్డు మాత్రం
ఊరికే వేశాను.