బోర్డు రాసేవాడు

బహదూర్‌పురా జూలో
పక్క బోనుకి 'చిరుత' అని ఎప్పుడో రాసేశాను.
మరి దీన్నేమని రాయాలి?

మాంసం బకెట్లు మోసే యదుల్లా అన్నాడు:
"చీతా భాయ్, ఇంకేంది!"
టికెట్ల కిటికీ వెనక పద్మాక్షమ్మ
కళ్లద్దాలు తుడుచుకుంటూ,
"ముందది చిత్రకమయ్యా. చుక్కలద్దిన ఒళ్లు.
నీ పనికీ అదే మాట."

చొక్కా చూసుకున్నాను.
నల్ల ఎనామిల్ చుక్కలు, మోచేతుల దాకా.

అది గర్జించలేదు. పిట్టలా కూసింది.
కళ్ల కింద రెండు చారలు,
బ్రష్షు ఎక్కువ ముంచితే కారినట్టు.

ఎండాకాలం దాటలేదు.
బోర్డు గీకెయ్యమన్నారు.
'చీ' పోయింది.
'తా' దగ్గర బ్లేడు మొండికేసింది.

తక్కింది రేపు గీకుతానని చెప్పి
డబ్బా మూత పెట్టాను.